ప్యాకెట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది?

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నెట్‌వర్క్ కార్డు అంటే స్క్రూడ్రైవర్‌తో బిగించే వస్తువు. నల్లటి కోయాక్సియల్ కేబుల్ గోడ వెంబడి ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పాకేది. రెండు చివర్లా 50 ఓమ్‌ల టెర్మినేటర్లు ఉండేవి. ఎవరైనా కుర్చీ జరిపినప్పుడు అందులో ఒకటి ఊడిందంటే గది మొత్తం ఆగిపోయేది. ఇప్పుడు ఒక మామూలు సర్వర్‌లో ‘ఐపీ లింక్’ అని కొడితే వందకి పైగా ఇంటర్‌ఫేసుల పేర్లు తెర మీద దొర్లిపోతాయి. డబ్బా వెనక్కి వెళ్లి చూస్తే ఉన్నవి రెండో నాలుగో పోర్టులు. మిగతావన్నీ కెర్నెల్ మెమరీలో తప్ప ఎక్కడా లేనివి.

కంటైనర్లతో, వర్చువల్ మెషీన్లతో రోజూ పనిచేసే పిల్లలు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఈ లేని కార్డుల గురించే. కాన్ఫిగరేషన్ ఫైలు రాయడం వాళ్లకి నాకన్నా బాగా వచ్చు. ఆ ఫైలు చదివి కెర్నెల్‌లో ఏం పుట్టిందో మాత్రం చూసే అలవాటు లేదు. అందుకే ఇవి రాస్తున్నాను. నా అనుభవమంతా లినక్స్‌తో కాబట్టి చెప్పేదీ దాని గురించే. ఇలాంటివి మిగతా సిస్టమ్‌లలోనూ ఉన్నాయి: ఫ్రీబీఎస్‌డీలో ఈపెయిర్ అంటారు, విండోస్‌లో హైపర్-వీ ఆన్ చేస్తే వీఈథర్‌నెట్ పేరుతో కనిపిస్తుంది.

1. కెర్నెల్‌కి కార్డుతో పనిలేదు

లినక్స్ కెర్నెల్‌లో ప్రతి ఇంటర్‌ఫేసుకీ ఒక రికార్డు ఉంటుంది. సోర్సులో దాని పేరు నెట్_డివైస్. ఇంటర్‌ఫేసు పేరు, వరుస సంఖ్య, ఆరు బైట్ల మ్యాక్ అడ్రసు, ఎంటీయూ (ఒకేసారి పంపగలిగే అతి పెద్ద ప్యాకెట్ సైజు), వచ్చిన పోయిన ప్యాకెట్ల లెక్క, వీటితో పాటు కొన్ని ఫంక్షన్ల చిరునామాలు అందులో ఉంటాయి. ఆ ఫంక్షన్లలో ముఖ్యమైనది ‘ఈ ప్యాకెట్ పంపు’ అనేది. పైనున్న ఐపీ కోడు చివరికి చేసేది ఆ ఫంక్షన్‌ని పిలవడమే. కింద నిజం కార్డు ఉందా లేదా అని అది అడగదు.

నిజం కార్డు డ్రైవరైతే ప్యాకెట్ మెమరీలో ఎక్కడుందో కార్డుకి చెబుతుంది. కార్డు దాన్ని లాక్కుని తీగ మీదికి పంపిస్తుంది. వర్చువల్ డ్రైవర్‌కి తీగ లేదు కాబట్టి ఇంకెవరికో అప్పజెబుతుంది. ఎవరికి అన్నదే ఒక్కో రకానికీ ఉన్న తేడా. వీఈత్ తన జంటకి ఇస్తుంది. ట్యాప్ ఒక ప్రోగ్రాముకి ఇస్తుంది. బ్రిడ్జ్ తన పట్టిక చూసుకుని మరో ఇంటర్‌ఫేసుకి ఇస్తుంది. మ్యాక్‌వీల్యాన్ తన కింది అసలు కార్డుకి ఇస్తుంది. వీఎక్స్‌ల్యాన్ ఆ ఫ్రేమునంతా ఒక యూడీపీ ప్యాకెట్‌లో కూరి మళ్లీ ఐపీ కోడు చేతిలోనే పెడుతుంది. డమ్మీ ఎవరికీ ఇవ్వదు, లెక్క రాసుకుని పారేస్తుంది.

ఎవరు ఏ సమస్య తెచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: ప్యాకెట్ ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? దీనికి జవాబు చెప్పలేనివాడు ఎన్ని కమాండ్లు కొట్టినా చీకట్లో తడుముకున్నట్టే.

2. వీఈత్ ఒంటరిగా పుట్టదు

వీఈత్‌ని సృష్టించమంటే కెర్నెల్ ఎప్పుడూ రెండు ఇంటర్‌ఫేసులు ఇస్తుంది. ఒక దాంట్లో పంపింది రెండో దాంట్లో వచ్చినట్టు అవుతుంది. రెండో దాంట్లో పంపింది మొదటి దాంట్లో వస్తుంది. కావడి బద్దకి రెండు బుట్టలు కట్టినట్టు. ఒకటి తెంపితే రెండోది నిలవదు: జంటలో ఒక చివర డిలీట్ చేస్తే రెండోది ఎక్కడున్నా, ఏ కంటైనర్‌లో ఉన్నా దానంతట అదే మాయమవుతుంది.

రెండూ అప్‌లో ఉంటేనే లింకు అప్. మీ వైపు అప్ చేసి అవతలి వైపు మరిచిపోతే మీ ఇంటర్‌ఫేసు ‘నో క్యారియర్’ అని చూపిస్తుంది. లేని తీగ ఊడిపోయిందని కెర్నెల్ చెప్పడం మొదటిసారి చూసినవాళ్లకి నవ్వొస్తుంది. కానీ అలా చెప్పడం అవసరం. పైన నడిచే డీహెచ్‌సీపీ క్లయింట్లూ, రూటింగ్ ప్రోగ్రాములూ క్యారియర్ వచ్చిందా పోయిందా అన్నది చూశాకే పని మొదలుపెడతాయి. తీగ ఉన్నప్పుడు ఏ మర్యాదలు నడిచేవో లేనప్పుడూ అవే నడవాలి.

వీఈత్ 2008 జనవరిలో వచ్చిన 2.6.24 కెర్నెల్‌తో లినక్స్‌లోకి వచ్చింది. ఓపెన్‌వీజెడ్ కంటైనర్ల మీద పనిచేసిన పావెల్ ఎమెలియనోవ్ రాశాడు. అదే కెర్నెల్‌లో ఒక్కో కంటైనర్‌కీ సొంత ఇంటర్‌ఫేసులు, రూట్లు ఉండేలా వేరు చేసే నెట్‌వర్క్ నేమ్‌స్పేసులు కూడా అడుగుపెట్టాయి. రెండూ ఒకేసారి రావడం కాకతాళీయం కాదు. వేరు వేరు నేమ్‌స్పేసులకి మధ్య దారి కావాలి, ఆ దారే వీఈత్. డాకర్ పేరు లోకం విన్నది ఆ తర్వాత అయిదేళ్లకి, 2013లో. పునాది అప్పటికే వేసి ఉంది.

లోపల జరిగేది ఇదీ. ప్యాకెట్ ఇటు పంపగానే డ్రైవర్ దాని డేటాని కాపీ చేయదు. అదే బఫర్ మీద ‘ఇది అవతలి ఇంటర్‌ఫేసుకి వచ్చింది’ అని రాసి, నేమ్‌స్పేసు మారుతుంటే పాత గుర్తులు తుడిచి, ఆ సీపీయూ తాలూకు వచ్చిన ప్యాకెట్ల క్యూలో పెడుతుంది. కాసేపట్లో సాఫ్ట్ ఇంటరప్ట్ వచ్చి దాన్ని అందుకుని, బయటి నుంచి వచ్చిన ప్యాకెట్‌ని ఎలా చూస్తుందో అలాగే మళ్లీ మొదటి నుంచి చూస్తుంది. కాపీ లేదు కదా, ఖర్చు లేదనుకోకండి. ప్రతి దాటుడుకీ ఆ క్యూ, ఆ ఇంటరప్ట్, రెండోసారి ఫైర్‌వాల్ నియమాలు అన్నీ సీపీయూ ఖాతాలోకే వెళ్తాయి. నిజం కార్డు సొంత చిప్పుతో చేసిపెట్టే పనుల్ని ఇక్కడ చేసిపెట్టేవాడు లేడు.

తుడిచేసే పాత గుర్తుల్లో ఫైర్‌వాల్ పెట్టిన మార్కు కూడా ఒకటి. కంటైనర్‌లో మార్కు వేసి హోస్టులో దాని కోసం చూస్తూ కూర్చునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

3. జంట ఎక్కడుందో పేరులోనే రాసి ఉంటుంది

హోస్టులో వీఈత్ పేర్లు అర్థంలేని అక్షరాలతో ఉంటాయి. ఏది ఏ కంటైనర్‌దో తెలియక జనం తల పట్టుకుంటారు. పేరు చివర ‘@ఇఫ్7’ లాంటిది ఉంటుంది చూడండి. అవతలి చివర, తన నేమ్‌స్పేసులో 7వ నంబరు ఇంటర్‌ఫేసు అని దానర్థం. కంటైనర్ లోపల ఈథ్0 ఫోల్డరులో ‘ఐఎఫ్‌లింక్’ అనే ఫైలు చదివితే హోస్టు వైపు నంబరు దొరుకుతుంది. ఇది తెలిసినవాడికి నిమిషం పని.

లోపలున్న ఈథ్0 కూడా అసలు కార్డేమీ కాదు. వీఈత్ రెండో చివరని లోపలికి నెట్టి, పేరు మార్చారు, అంతే. ఇంటర్‌ఫేసు పేరు 15 అక్షరాలు దాటకూడదని గుర్తుంచుకోండి. స్క్రిప్టులో పొడుగాటి పేర్లు పెట్టి ‘ఎందుకు రావట్లేదు’ అని అడిగేవాళ్లకి సగంసార్లు అదే జవాబు.

4. కొత్త నేమ్‌స్పేసు ఖాళీ ఇల్లు

అందులో ఉండేది ఒక్క లూప్‌బ్యాక్. అది కూడా డౌన్‌లో ఉంటుంది. రూట్లు లేవు, ఫైర్‌వాల్ నియమాలు లేవు, ఏఆర్‌పీ పట్టిక ఖాళీ. చేత్తో నేమ్‌స్పేసు తయారుచేసినవాడు లూప్‌బ్యాక్‌ని అప్ చేయడం మరిచిపోతే, తనతో తాను మాట్లాడుకునే ప్రోగ్రాములు వింతగా చచ్చిపోతాయి.

నేమ్‌స్పేసు పోయినప్పుడు అందులో నిజం కార్డు ఉంటే అది హోస్టుకి తిరిగి వస్తుంది. వీఈత్ అయితే నాశనమవుతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచూ పడే గొయ్యి ఇంకొకటి ఉంది. జంటలో రెండు చివర్లనీ ఒకే నేమ్‌స్పేసులో ఉంచి, రెండిటికీ ఐపీ అడ్రసులిచ్చి, ఒకటి నుంచి ఒకటికి పింగ్ చేస్తారు. పింగ్ వెళ్తుంది. వీఈత్ పనిచేస్తోందని సంబరపడతారు. నిజానికి ఆ ప్యాకెట్ వీఈత్ ముఖం కూడా చూడలేదు. రెండు అడ్రసులూ తనవే కాబట్టి కెర్నెల్ దాన్ని లూప్‌బ్యాక్ మీదుగా తిప్పేసింది. పరీక్ష పెట్టాలంటే కనీసం ఒక చివర వేరే నేమ్‌స్పేసులో ఉండాలి.

5. బ్రిడ్జ్ ఎవరి మ్యాక్ ఎత్తుకుంటుందో గమనించండి

కంటైనర్ల హోస్టు చివరలన్నీ ఒక బ్రిడ్జ్‌కి తగిలిస్తారు. బ్రిడ్జ్ అంటే కెర్నెల్ లోపల నడిచే స్విచ్. ఏ మ్యాక్ ఏ పోర్టు నుంచి వచ్చిందో రాసుకుంటుంది. 300 సెకన్లపాటు ఆ మ్యాక్ మళ్లీ కనపడకపోతే చెరిపేస్తుంది. తెలియని మ్యాక్‌కి వెళ్లే ఫ్రేముని అన్ని పోర్టులకీ పంపిస్తుంది. ఇంతవరకూ పుస్తకాల్లో ఉన్నదే.

పుస్తకాల్లో తక్కువ కనిపించేది ఇది. బ్రిడ్జ్ తాను కూడా ఒక ఇంటర్‌ఫేసు, దానికీ మ్యాక్ కావాలి. మీరు చెప్పకపోతే తన పోర్టుల మ్యాక్‌లలో అన్నిటికన్నా చిన్నది తీసుకుంటుంది. దానికన్నా చిన్న మ్యాక్ ఉన్న వర్చువల్ మెషీన్ ఒకటి కొత్తగా మొదలైందనుకోండి, బ్రిడ్జ్ మ్యాక్ మారిపోతుంది. హోస్టు ఐపీ ఆ బ్రిడ్జ్ మీదే ఉంటే చుట్టుపక్కల మెషీన్ల ఏఆర్‌పీ పట్టికల్లో ఉన్నది పాత మ్యాక్. కొన్ని సెకన్లు హోస్టు మాయం. మెషీన్ ఆపితే మళ్లీ మాయం. నేను పనిచేసిన ఒక చోట, పక్క టీము వర్చువల్ మెషీన్లని ఆపి మొదలుపెట్టినప్పుడల్లా బ్యాకప్ తెగిపోయేది. కేబుళ్లు మార్చారు, స్విచ్ మార్చారు. హోస్టు లాగ్‌లో మ్యాక్ మారిన సంగతి ఎవరూ చూడలేదు.

మందు చిన్నదే: బ్రిడ్జ్ మ్యాక్‌ని మీరే స్థిరంగా పెట్టండి. ఒకసారి చేత్తో పెడితే కెర్నెల్ ఇక దాన్ని ముట్టుకోదు. వర్చువల్ మెషీన్లని నడిపే లిబ్‌వర్ట్ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు ఇంకో ఉపాయం చేశారు. గెస్టు (లోపల నడిచే వర్చువల్ మెషీన్) మ్యాక్ 52:54:00తో మొదలైతే హోస్టు వైపు ట్యాప్‌కి మొదటి బైటు మార్చి ‘ఎఫ్‌ఈ’ పెడతారు. అంత పెద్ద మ్యాక్ ఎప్పటికీ అన్నిటికన్నా చిన్నది కాలేదు. ఇలాంటి చిన్న తెలివి కనిపించినప్పుడు నాకు భలే ముచ్చటేస్తుంది. ఎవరో ఎక్కడో దెబ్బతిని రాసిన లైను అది.

వలయాలు పడకుండా చూసే స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంటే కొత్త పోర్టు 15 సెకన్లు వింటుంది, 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే ఫ్రేములు పంపిస్తుంది. ఈలోగా వర్చువల్ మెషీన్‌లో డీహెచ్‌సీపీ విసుగెత్తి మానేసి ఉండొచ్చు. బయటి స్విచ్‌లతో వలయాలు లేని చోట దాన్ని ఆపేస్తే చాలు.

ఐపీ అడ్రసు ఎప్పుడూ బ్రిడ్జ్‌కి ఇవ్వాలి, దానికి తగిలించిన పోర్టుకి కాదు. ఇది వందసార్లు చెప్పాను, నూట ఒకటోసారి కూడా చెబుతాను.

6. ట్యాప్ అవతలి చివర ఒక ఫైలు

వర్చువల్ మెషీన్ల కథ వేరు. అక్కడ గెస్టుకి సొంత కెర్నెల్ ఉంటుంది, దానికి ఒక కార్డు ఉన్నట్టు చూపించేది క్యూఈఎంయూ అనే మామూలు ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాముకీ హోస్టు కెర్నెల్‌కీ మధ్య దారి ట్యాప్. ప్రోగ్రాము ‘డెవ్’ ఫోల్డరులో ఉన్న ‘నెట్/టన్’ అనే ఫైలుని తెరుస్తుంది, నాకు ఒక ట్యాప్ కావాలంటుంది, ఆ తర్వాత ఫైలు చదివితే ఒక ఈథర్‌నెట్ ఫ్రేము వస్తుంది, ఫైల్లో రాస్తే ఒక ఫ్రేము ఇంటర్‌ఫేసులోకి వచ్చినట్టు అవుతుంది. దీని తోబుట్టువు టన్. అందులో ఈథర్‌నెట్ హెడర్ ఉండదు, ఉత్త ఐపీ ప్యాకెట్లే. వీపీఎన్‌లకి ఎక్కువగా అదే సరిపోతుంది.

ఏ ప్రోగ్రామూ తెరిచి పట్టుకోకపోతే ట్యాప్‌కి క్యారియర్ ఉండదు. ట్యాప్ డౌన్‌గా కనిపిస్తే నెట్‌వర్క్‌ని తిట్టేముందు క్యూఈఎంయూ బతికుందో లేదో చూడండి.

ప్రతి ప్యాకెట్‌కీ ప్రోగ్రాములోకి వెళ్లి రావడం నెమ్మది. అందుకే 2010లో 2.6.34 కెర్నెల్‌తో వీహోస్ట్-నెట్ వచ్చింది. గెస్టు మెమరీలోని క్యూలని హోస్టు కెర్నెల్ నేరుగా చదువుతుంది, క్యూఈఎంయూ పక్కకి తప్పుకుంటుంది. ‘ఎవరి చేతిలో ఉంది’ అన్న ప్రశ్నకి జవాబు దీంతో మారిపోతుంది: క్యూఈఎంయూ లాగ్‌లో ప్యాకెట్ల ఆనవాలు కోసం వెతికితే ఏమీ దొరకదు.

7. మ్యాక్ అడ్రసుల్లో రెండో బిట్టు

తయారీదారు ఇచ్చిన మ్యాక్ కాకుండా మనం కల్పించుకున్న మ్యాక్ అయితే, మొదటి బైటులో కుడి నుంచి రెండో బిట్టు 1 ఉండాలని ప్రమాణం. 02, 52 రెండూ అలాంటివే. పాత డాకర్ 02:42తో మొదలుపెట్టి, మిగతా నాలుగు బైట్లలో కంటైనర్ ఐపీ అడ్రసునే రాసేది. సొంతంగా మ్యాక్‌లు పెట్టేటప్పుడు ఆ బిట్టు చూసుకోండి. కుడి చివరి బిట్టు మాత్రం 0గా ఉంచండి, 1 అయితే అది మల్టీకాస్ట్.

ఒక మెషీన్ ఇమేజ్‌ని కాపీ కొట్టి పది చేసినప్పుడు మ్యాక్ కూడా కాపీ అయితే, బ్రిడ్జ్ ఆ మ్యాక్‌ని ఈ క్షణం ఒక పోర్టులో, మరుక్షణం ఇంకో పోర్టులో రాసుకుంటుంది. రెండు మెషీన్లూ సగం సగం పనిచేస్తాయి. పూర్తిగా చచ్చినదానికన్నా సగం చచ్చినదాన్ని పట్టుకోవడమే కష్టం. మ్యాక్‌లు వేరైనా కొన్నిసార్లు రెండిటికీ ఒకే ఐపీ వస్తుంది. సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ డీహెచ్‌సీపీకి మ్యాక్ కాకుండా మెషీన్-ఐడీ నుంచి తయారుచేసిన గుర్తు పంపిస్తుంది, ఆ ఫైలు కూడా కాపీ అయి ఉంటుంది.

8. వేగం చూసి మురిసిపోవద్దు

వీఈత్‌ని ఈథ్‌టూల్‌తో అడిగితే సెకనుకి 10,000 మెగాబిట్లు అంటుంది. అది కొలిచిన సంఖ్య కాదు, డ్రైవర్ సోర్సులో ఎవరో రాసిపెట్టిన సంఖ్య. నిజం వేగం దానికన్నా ఎక్కువా కావచ్చు, తక్కువా కావచ్చు, సీపీయూని బట్టి ఉంటుంది. ట్యాప్ అయితే చాలా ఏళ్లపాటు 10 మెగాబిట్లని చెప్పేది. దాన్ని నమ్మి గ్రాఫులు గీసే మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ ‘లింకు 3000 శాతం నిండింది’ అని అలారాలు మోగించడం మామూలే.

టీసీపీడంప్‌లో రెండు వింతలు కనిపిస్తాయి, రెండూ జబ్బులు కావు. చెక్‌సమ్ తప్పని వస్తుంది: చివర్లో నిజం కార్డు లెక్కగడుతుందిలే అని కెర్నెల్ దాన్ని పూర్తి చేయకుండా వదిలేసింది. ఎంటీయూ 1500 అయినా 60 వేల బైట్ల ప్యాకెట్ కనిపిస్తుంది: ముక్కలు చేసే పనిని కూడా చివరికి వాయిదా వేసింది. తీగ లేని చోట ముక్కలు చేసి మళ్లీ అతికించడం దండగ కదా.

9. చెక్‌సమ్ కథ ఒకటి చెప్పాలి

ఇది నాది కాదు, ట్విట్టర్‌లో జరిగింది, 2016లో ఆ ఇంజినీర్లే లోకానికి చెప్పారు. వీఈత్ గురించి నేర్చుకునే ప్రతివాడూ వినాలి.

ఒక స్విచ్ చెడిపోయి ప్యాకెట్లలో డేటాని పాడుచేయడం మొదలుపెట్టింది. ఈథర్‌నెట్‌కి సీఆర్‌సీ అనే రక్షణ ఉంది కానీ, అది ఒక్కో మజిలీకీ మాత్రమే. స్విచ్ కడుపులోనే డేటా పాడై, బయటికి వచ్చేటప్పుడు ఆ పాడైన డేటాకే కొత్త సీఆర్‌సీ వేస్తే అవతలివాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. అప్పుడు మిగిలిన రక్షణ టీసీపీ చెక్‌సమ్. సర్వర్ కార్డు ఆ చెక్‌సమ్ లెక్క కుదరడం లేదని గమనించి, ‘నేను దీనికి హామీ ఇవ్వను, నువ్వే చూసుకో’ అని గుర్తు పెట్టి కెర్నెల్‌కి అప్పజెప్పింది. ఇక్కడిదాకా ఎవరి పని వాళ్లు సరిగ్గా చేశారు.

మామూలు సర్వర్‌లో అయితే కెర్నెల్ చెక్‌సమ్ లెక్కగట్టి ఆ ప్యాకెట్‌ని పారేసేది, టీసీపీ మళ్లీ తెప్పించుకునేది, ఎవరికీ తెలిసేది కాదు. కానీ గమ్యం కంటైనర్. ప్యాకెట్ వీఈత్ మీదుగా వెళ్లింది. వీఈత్ డ్రైవర్‌లో ఒక లైను ఉండేది: నా మీదుగా వెళ్లేది ఇదే మెషీన్‌లో పుట్టింది, దారిలో పాడయ్యే అవకాశం లేదు, కాబట్టి ‘చూడనక్కర్లేదు’ అని గుర్తు మార్చెయ్. ఒకే హోస్టులోని రెండు కంటైనర్ల మధ్య అది నిజమే. బయటి నుంచి వచ్చిన ప్యాకెట్ విషయంలో అది అబద్ధం. కార్డు ‘చూసుకో’ అన్నదాన్ని వీఈత్ ‘చూడక్కర్లేదు’గా మార్చింది. పాడైన డేటా నేరుగా అప్లికేషన్ నోట్లో పడింది.

ఆ లైను చాలా ఏళ్లుగా అక్కడే ఉంది. వేల మంది చదివిన కోడు. 2015 చివర్లో దాన్ని తీసేశారు. దిద్దుబాటు అంటే కొత్తగా రాసింది ఏమీ లేదు, ఉన్నదాన్ని తొలగించడమే.

ఈ కథ ఎందుకు చెప్పానంటే, వర్చువల్ ఇంటర్‌ఫేసు గురించి మనం చేసే ఊహలన్నీ ‘ఇది నిజంగా తీగ కాదు కదా’ అన్న దగ్గర మొదలవుతాయి. దానికి ముందో వెనకో ఎక్కడో ఒక నిజం తీగ ఉంటుందని మరిచిపోతాం.

10. పింగ్ వెళ్తుంది, లాగిన్ ఆగుతుంది: ఎంటీయూ

నాకు తరచూ వచ్చే ప్రశ్న ఇదే. చిన్న ప్యాకెట్లు వెళ్తాయి. పింగ్ పనిచేస్తుంది. టీసీపీ కనెక్షన్ కుదురుతుంది. ఆ తర్వాత పెద్ద ప్యాకెట్ వెళ్లాల్సిన క్షణంలో అంతా గడ్డకడుతుంది. ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు మార్చుకునే దగ్గరో, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్ పంపే దగ్గరో.

లెక్క వేద్దాం. వీఎక్స్‌ల్యాన్ లోపలి ఫ్రేముకి ఈథర్‌నెట్ హెడర్ 14 బైట్లు. వీఎక్స్‌ల్యాన్ హెడర్ 8. యూడీపీ 8. బయటి ఐపీ హెడర్ 20. మొత్తం 50. బయటి నెట్‌వర్క్ 1500 అయితే లోపల 1450 దాటకూడదు. బయటిది ఐపీవీ6 అయితే హెడర్ 40 కాబట్టి 70 పోతాయి, 1430 మిగులుతుంది. ఈ చిక్కు రావడానికి వీఎక్స్‌ల్యాన్ కూడా అక్కర్లేదు: గూగుల్ క్లౌడ్‌లో నెట్‌వర్క్ ఎంటీయూ మామూలుగా 1460. అక్కడ వర్చువల్ మెషీన్‌లో డాకర్ వేస్తే దాని బ్రిడ్జ్ 1500తో పుడుతుంది. ఆ 40 బైట్ల తేడా ఎన్ని రాత్రుల నిద్ర తిన్నదో.

ఐపీ రూటర్ దగ్గరైతే ప్యాకెట్ పెద్దదైనప్పుడు ‘ఇంతకన్నా చిన్నది పంపు’ అని ఐసీఎంపీ కబురు వెనక్కి వెళ్తుంది. బ్రిడ్జ్, వీఈత్ రూటర్లు కావు. పట్టకపోతే పారేస్తాయి, ఎవరికీ చెప్పవు. జంటలో ఒక చివర 1500, రెండో చివర 1450 ఉంటే అంతే సంగతులు. పైగా సెక్యూరిటీ పేరుతో ఐసీఎంపీని మొత్తం మూసేసే ఆఫీసులు ఉన్నాయి. రూటర్ కబురు పంపినా అది చేరదు. ఐసీఎంపీని గంపగుత్తగా మూసేయడం భద్రత కాదు, బద్ధకం.

పరీక్ష: ముక్కలు చేయొద్దని చెప్పి పింగ్ పంపండి. ఐపీ, ఐసీఎంపీ హెడర్లు కలిపి 28 బైట్లు. 1500 దారిలో 1472 వెళ్లాలి, 1473 వెళ్లకూడదు. 1450 దారిలో 1422. ఎక్కడ ఆగితే అక్కడ వెతకండి.

11. మ్యాక్‌వీల్యాన్ అందరికీ సరిపడదు

బ్రిడ్జ్ లేకుండా ఒకే కార్డుకి అనేక మ్యాక్‌లు పుట్టిస్తుంది. వేగంగా ఉంటుంది. కానీ హోస్టు తన సొంత మ్యాక్‌వీల్యాన్ పిల్లలతో మాట్లాడలేదు, దాని పని తీరే అది. వైఫై మీద నడవదు, ఎందుకంటే యాక్సెస్ పాయింట్ తనతో జతకట్టిన మ్యాక్‌నే ఒప్పుకుంటుంది. క్లౌడ్‌లోనూ అంతే, తాము ఇవ్వని మ్యాక్ కనపడితే పారేస్తారు. ఇలాంటి చోట్ల ఒకే మ్యాక్‌ని అందరూ పంచుకునే ఐపీవీల్యాన్ చూడండి.

12. వెతికే వరుస

కంటైనర్ నుంచి బయటికి ప్యాకెట్ వెళ్లడం లేదు. కంటైనర్ లోపలి ఈథ్0, హోస్టు వైపు వీఈత్, బ్రిడ్జ్, చివరికి నిజం కార్డు: ఈ నాలుగు చోట్లా వరుసగా టీసీపీడంప్ పెట్టండి. ఎక్కడిదాకా కనిపించి ఎక్కడ మాయమైందో ఆ రెండిటి మధ్యే దొంగ ఉన్నాడు.

వీఈత్ నుంచి బ్రిడ్జ్‌కి మధ్య పోతే ఆ పోర్టు నిజంగా బ్రిడ్జ్‌కి తగిలించి ఉందా, ఎంటీయూ సరిపోయిందా చూడండి. బ్రిడ్జ్ నుంచి కార్డుకి మధ్య పోతే ఐపీ ఫార్వర్డింగ్ ఆన్ అయిందా, ఫార్వర్డ్ చెయిన్ డ్రాప్‌లో ఉందా చూడండి. డాకర్ ఆ చెయిన్‌ని తానే డ్రాప్‌కి మారుస్తుంది. అదే హోస్టులో మీరు చేత్తో కట్టుకున్న మరో బ్రిడ్జ్ ఉన్నట్టుండి ఆగిపోతే కారణం అదే కావచ్చు. ఒకే బ్రిడ్జ్ మీదున్న రెండు మెషీన్ల మధ్య ప్యాకెట్లని కూడా ఐపీటేబుల్స్ ఆపగలదు. బీఆర్_నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ ఎక్కి ఉంటే బ్రిడ్జ్ మీద వెళ్లే ఐపీ ప్యాకెట్లని కూడా ఆ నియమాల గుండా నడిపిస్తుంది. రెండో పొర స్విచ్‌కి మూడో పొర నియమాలు ఏమిటని వాదించకండి, అలా ఉంది.

కార్డు నుంచి వెళ్లి జవాబు రాకపోతే బయటికి వెళ్లిన ప్యాకెట్‌లో పంపినవాడి అడ్రసు చూడండి. 172.17తో మొదలయ్యే కంటైనర్ అడ్రసే ఉంటే నాట్ (అడ్రసు మార్పిడి) జరగలేదు. మీ ఆఫీసు నెట్‌వర్క్ కూడా 172.17 అయితే ఇంకో చిక్కు: ఆఫీసుకి వెళ్లాల్సిన ప్యాకెట్ హోస్టు బ్రిడ్జ్‌లోనే ఆగిపోతుంది. డాకర్ అడ్రసుల శ్రేణిని ముందే మార్చుకోండి.

ఒక జాగ్రత్త. టీసీపీడంప్ లోపలికి వచ్చే ప్యాకెట్‌ని ఫైర్‌వాల్ కన్నా ముందే చూస్తుంది. అక్కడ కనిపించిందంటే ఇంటర్‌ఫేసుకి వచ్చిందని అర్థం, అప్లికేషన్‌కి చేరిందని కాదు. డ్రైవర్ దగ్గరే నడిచే ఎక్స్‌డీపీ ప్రోగ్రాము ఏదైనా తగిలించి ఉంటే అది టీసీపీడంప్ కన్నా ముందే ప్యాకెట్‌ని మింగేయగలదు.

13. కొత్తవి వస్తాయి, రానివ్వండి

6.7 కెర్నెల్‌తో నెట్‌కిట్ అనే కొత్త జంట వచ్చింది. ఇది కూడా వీఈత్ లాగే రెండు చివర్లది. కానీ ప్యాకెట్‌ని క్యూలో పెట్టి ఎదురుచూడకుండా, ఏం చేయాలో కెర్నెల్‌లోకి ఎక్కించిన బీపీఎఫ్ ప్రోగ్రాము పంపే దగ్గరే తేల్చేస్తుంది. సిలియం వాళ్లు కుబెర్నెటీస్ కోసం దాన్ని వాడుతున్నారు. మంచి పని. అయినా మీ దగ్గర ట్రాఫిక్ అంత లేకపోతే వీఈత్ చాలు, దాని దెబ్బలన్నీ ఇప్పటికే ఎవరో తిన్నారు.

చివరగా ఒక మాట. ఇందులో ఏదీ చదివితే రాదు. లినక్స్ ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి చాలు. రెండు నేమ్‌స్పేసులు పుట్టించండి, ఒక వీఈత్ జంట తయారుచేసి చెరొక చివర చెరొక దాంట్లోకి పంపండి, 10.0.0.1, 10.0.0.2 ఇచ్చి పింగ్ చేయండి. తర్వాత ఒక చివర డౌన్ చేసి రెండోది ఏమంటుందో చూడండి. ఒక వైపు ఎంటీయూ తగ్గించి పెద్ద పింగ్ పంపండి. మధ్యలో బ్రిడ్జ్ పెట్టి దాని మ్యాక్ ఎప్పుడు మారుతుందో గమనించండి. ఒక నేమ్‌స్పేసుని డిలీట్ చేసి జంట ఏమైందో వెతకండి. ల్యాప్‌టాప్ రీబూట్ చేస్తే ఇవన్నీ పోతాయి, ఏదీ డిస్కు మీద మిగలదు. కాబట్టి భయపడకుండా చెడగొట్టండి.